గుర్రాలు వెళ్లాయి, పిల్లలూ వెళ్లారు

(పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక ఊరి గ్రంథాలయ వార్షికోత్సవంలో, అమెరికాలో పనిచేసి విశ్రాంతి తీసుకున్న ఒక వైద్యురాలి ప్రసంగ పాఠం)

సభలో ఉన్న పెద్దలందరికీ నమస్కారం. నేను ఈ ఊరి ఆడపడుచుని. ఈ గ్రంథాలయం అరుగు మీద కూర్చుని వారపత్రికలు చదువుకున్నదాన్ని. కార్యదర్శిగారు ఫోన్ చేసి, "అమ్మా, అమెరికా గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. సరేనన్నాను గానీ, మీరు సినిమాల్లో చూసిన అమెరికా గురించి నాకు చెప్పడం చేతకాదు. నేను బతికింది అక్కడి పల్లెటూళ్లలో. చుట్టూ మొక్కజొన్న, సోయా చిక్కుడు, పాడి పశువులు. కనుచూపు మేరలో ఇంకో ఇల్లు కనిపిస్తే అదే ఎక్కువ. కాబట్టి ఆ సంగతే చెబుతాను. ఇక్కడ కూర్చున్నవాళ్లలో ముప్పాతిక మంది వ్యవసాయం చేసినవాళ్లే. నా మాట మీకు త్వరగా అందుతుంది.

అక్కడికి ఎలా వెళ్లానో ముందు చెబుతాను. ఎందుకంటే ఆ ప్రాంతాల్లో చాలా ఊళ్లలో మన తెలుగు డాక్టర్లు ఉన్నారు. శిక్షణ కోసం ఒక రకం వీసా మీద వెళ్లిన డాక్టరు, శిక్షణ పూర్తయ్యాక రెండేళ్లు సొంత దేశంలో ఉండి రావాలని అక్కడ షరతు. డాక్టర్లు దొరకని ప్రాంతంలో మూడేళ్లు పనిచేస్తానంటే ఆ షరతు ఎత్తేస్తారు. ఉత్తర డకోటా సెనేటర్ కెంట్ కాన్‌రాడ్ పేరు మీద 1994 నుంచి నడుస్తున్న ఏర్పాటు అది. ఇప్పుడు ఒక్కో రాష్ట్రానికి ఏటా ముప్పై మందికి అవకాశం ఉంది. నేనూ అలా వెళ్లినదాన్నే. మూడేళ్లని వెళ్లి, ఇరవై ఏళ్లు పైగా ఉండిపోయాను. అయోవా రాష్ట్రం ఈశాన్య మూల, మినెసోటా సరిహద్దుకి దగ్గరలో ఒక చిన్న ఊరు. నా రోగులంతా రైతులు, రైతుల భార్యలు, రైతుల తల్లులు.

మా ఊరి పేరు చెప్పను. నా రోగులు ఎవరో ఎవరికీ తెలియకూడదు. దానికి దగ్గరలోనే క్రెస్కో అని ఒక ఊరు ఉంది. హావర్డ్ కౌంటీకి, అంటే మన జిల్లా లాంటిదానికి, ముఖ్య పట్టణం. పట్టణం అంటే మీరు తణుకో భీమవరమో అనుకోకండి. 2020 జనాభా లెక్కల్లో క్రెస్కోలో ఉన్నది 3,888 మంది. కౌంటీ మొత్తానికి తొమ్మిదిన్నర వేలకి లోపే. మన దగ్గర ఒక మోస్తరు పంచాయతీ అంత. ఈ పూట కథంతా ఆ ఊరి చుట్టూనే.

ముందు భూమి సంగతి. అక్కడ పొలాలు మనలా కాలవ వంపుని బట్టి, పుంత మలుపుని బట్టి ఉండవు. 1785లో చేసిన చట్టం ప్రకారం నేలనంతా గళ్లు గళ్లుగా గీశారు. ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు ఉంటే ఒక టౌన్‌షిప్. అందులో మైలు చదరానికి ఒకటి చొప్పున 36 గళ్లు. ఒక్కో గడి 640 ఎకరాలు. మనుషులు అడుగు పెట్టకముందే, ఆ 36లో 16వ గడిని బడి ఖర్చుకని వేరుగా పెట్టారు. ఊరు లేదు, పిల్లలు లేరు, బడికి మాత్రం మాన్యం ఉంది! మన దగ్గర దేవుడి మాన్యాలు ఉన్నట్టు వాళ్లకి బడి మాన్యం. ఈ ముక్క మొదటిసారి విన్నరోజు నాకు ఈ గ్రంథాలయమే గుర్తొచ్చింది.

అయితే ఆ నేల ఖాళీగా ఏమీ లేదు. అది చెప్పకుండా ముందుకు వెళ్లడం న్యాయం కాదు. హో-చంక్ అనే ఆదివాసీ జాతి వాళ్లని 1840లో విస్కాన్సిన్ నుంచి తరిమి ఈ టర్కీ నది ప్రాంతానికి తెచ్చారు. వాళ్లని అక్కడే ఉంచడానికి ఫోర్ట్ అట్కిన్సన్ అని ఒక కోట కట్టి సైన్యాన్ని పెట్టారు. ఎనిమిదేళ్లు తిరక్కుండానే, 1848లో, అక్కడి నుంచీ మినెసోటాకి పంపేశారు. ఆ కోట గోడలు ఇప్పటికీ ఉన్నాయి. నా రోగుల తాత ముత్తాతలు నాగలి పెట్టింది అలా ఖాళీ చేయించిన భూముల్లోనే. నేలకి ఒక పట్టా ఉంటుంది, దాని కింద ఇంకొకరి కన్నీళ్లు ఉంటాయి.

ఆ తరవాత వచ్చినవాళ్లు నార్వే వాళ్లు, జర్మన్లు, చెక్‌లు. నార్వేలో కొండల మధ్య చారెడు నేల. బంగాళదుంపకి తెగులు తగిలి తిండికి కటకట వచ్చిన రోజులు. పొట్ట చేత పట్టుకుని ఓడ ఎక్కారు. ఒక్కో జాతి ఒక్కో మూల దిగి, సొంత చర్చి కట్టుకుని, సొంత భాషలో ప్రార్థన చేసుకునేది. క్రెస్కో ఊరు మాత్రం 1866లో రైలు వల్ల పుట్టింది. స్టేషను పెట్టిన చోట ఊరు లేచింది. రైలు రాని పక్క ఊళ్లు అలా అలా ఎండిపోయాయి.

క్రెస్కోకి దగ్గరలో స్పిల్‌విల్ అని చెక్ వాళ్ల పల్లె ఉంది. 1893 వేసవిలో ప్రపంచ ప్రసిద్ధుడైన సంగీతకారుడు ఆంటొనీన్ డ్వొరాక్ న్యూయార్క్ నుంచి కుటుంబంతో సహా వచ్చి అక్కడ ఉన్నాడు. కారణం ఏమిటంటే, ఆ ఊళ్లో అందరూ ఆయన భాష మాట్లాడతారు. పొద్దున్నే లేచి ఏటి ఒడ్డున నడిచి, చర్చిలో ఆర్గన్ వాయించి, ఆ సెలవుల్లోనే అమెరికన్ క్వార్టెట్ అని పేరుపడ్డ, నాలుగు తీగవాద్యాల కృతి రాశాడు. పరాయి దేశంలో మన మాట వినిపించిన చోట ప్రాణం లేచి వస్తుందే, అది నాకు తెలుసు. నలభై మైళ్ల అవతల ఒక తెలుగు కుటుంబం ఉందని తెలిసి, మంచులో కారు వేసుకుని, ఆవకాయ సీసా పట్టుకుని వెళ్లిన రోజులున్నాయి.

భాష అన్నాను కాబట్టి ఇంకో ముక్క. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా జర్మనీతో పోరాడుతోంది. 1918 మే 23న అయోవా గవర్నర్ విలియం హార్డింగ్ ఒక ఆజ్ఞ ఇచ్చాడు. బడిలో, రైల్లో, నలుగురిలో, టెలిఫోన్‌లో, ఆఖరికి చర్చి ప్రసంగంలో కూడా ఇంగ్లీషు తప్ప ఇంకో భాష వినపడకూడదు. జర్మన్ ఒక్కటే కాదు, నార్వే భాషా వద్దు, చెక్ భాషా వద్దు. ఇంగ్లీషు రాని ముసలమ్మ చర్చిలో కూర్చుని ఏం వింటుంది? కొడుకు యుద్ధంలో పోతే ఏ భాషలో ఏడుస్తుంది? యుద్ధం ముగిశాక ఆ ఆజ్ఞ ఎత్తేశారు గానీ, పెద్దవాళ్లకి తగిలిన భయం పోలేదు. నా దగ్గరికి వచ్చే ఒక తొంభై ఏళ్ల పెద్దావిడ చెప్పింది, వాళ్లమ్మ ఇంట్లో కూడా గొంతు తగ్గించి నార్వే భాష మాట్లాడేదట. పిల్లలకి నేర్పలేదట. ఆవిడకి మిగిలింది భోజనం ముందు చెప్పే ప్రార్థన ఒక్కటే. ఆఖరి రోజుల్లో, మందు మత్తులో, ఆవిడ నోటి నుంచి వచ్చింది ఆ నాలుగు పంక్తులే. పక్కనున్న పిల్లలెవరికీ అర్థం కాలేదు.

ఇక బడి. అయోవాలో ఒకప్పుడు పన్నెండు వేలకి పైగా ఏకోపాధ్యాయ పాఠశాలలు ఉండేవి. ఒక గది, మధ్యలో ఇనప పొయ్యి, ఒక టీచరమ్మ, ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలంతా ఒక్క చోటే. ఏ పిల్లవాడైనా నడిచి వచ్చేంత దూరంలో బడి ఉండాలన్నది లెక్క. హావర్డ్ కౌంటీలో న్యూ ఒరెగన్ ఎనిమిదో నెంబరు బడి అలాంటిదే. 1865లో కట్టారు. ఇప్పటికీ నిలిచే ఉంది, ఒక వారసత్వ సంస్థ కాపాడుతోంది. నేను లోపలికి వెళ్లి చూశాను. ఇంతింత బల్లలు. కిటికీ లోంచి చూస్తే పొలం తప్ప ఏమీ లేదు.

ఆ బడిలో చదివిన ఒక పిల్లవాడి పేరు మీకు తెలుసు. నార్మన్ బోర్లాగ్, పొట్టి గోధుమల శాస్త్రవేత్త. 1914 మార్చి 25న ఆ దాపునే తాతగారి పొలంలో పుట్టాడు. వాళ్ల ముత్తాతది నార్వే. వాళ్లకి 106 ఎకరాలు. మనకి అది జమీందారీలా వినిపిస్తుంది గానీ, అక్కడ అది సామాన్య కుటుంబం. మొక్కజొన్న, ఓట్స్ ధాన్యం, గడ్డి, ఆవులు, పందులు, కోళ్లు. ఏడేళ్ల వయసు నుంచి పంతొమ్మిదేళ్ల దాకా ఆ పొలంలో పని చేశాడు.

చిన్నప్పటి సంగతి ఒకటి ఆయన పెద్దయ్యాక తలచుకునేవాడు. ఒకరోజు పిల్లలు బడి నుంచి తిరిగి వస్తుంటే మంచు తుపాను పట్టుకుంది. మంచు తుపాను అంటే మన గాలివాన లాంటిది కాదు. చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. పెద్దపిల్లలు ముందూ వెనకా, చిన్నవాళ్లు మధ్యలో, వరసగా నడుస్తున్నారు. ఈ పిల్లవాడు అలసిపోయి మంచులో పడి, అక్కడే నిద్రపోదామనుకున్నాడు. చలికి చనిపోయేవాళ్లకి చివరికి హాయిగా నిద్ర వచ్చినట్టే ఉంటుంది, డాక్టరుగా చెబుతున్నాను. వరసకు అక్క, సీనా అనే అమ్మాయి, వాణ్ని లాగి నిలబెట్టి, తిట్టి ఇంటికి నడిపించింది. ఇంట్లో నాయనమ్మ అప్పుడే కాల్చిన రొట్టె వాసన. ఆ సీనాయే తరవాత ఆ బడికి టీచరు అయింది. ఎనిమిదో తరగతి అయ్యాక, "వీణ్ని ఆపకండి, క్రెస్కో హైస్కూలుకి పంపండి" అని పెద్దవాళ్లతో పట్టుపట్టింది కూడా ఆమే.

క్రెస్కో హైస్కూలులో కుస్తీ బాగా నేర్పేవారు. ఇప్పటికీ అయోవా రాష్ట్ర కుస్తీవీరుల స్మారక మందిరం ఆ ఊళ్లోనే ఉంది. బోర్లాగ్ అక్కడ కుస్తీ పట్టాడు. మినెసోటా విశ్వవిద్యాలయానికి వెళ్లి ప్రవేశ పరీక్ష తప్పాడు కూడా. కొత్తగా పెట్టిన ఒక రెండేళ్ల కాలేజీలో చేరి, అందులోంచి పైకి వచ్చాడు. పరీక్ష పోయిందని దిగులుపడే పిల్లలు ఇక్కడెవరైనా ఉంటే గుర్తుపెట్టుకోండి నాన్నా.

అదే ఊరి దగ్గర పొలంలో 1904లో పుట్టిన ఇంకో అమ్మాయి ఎలెన్ చర్చ్. నర్సు చదివింది. విమానం నడపడం కూడా నేర్చుకుంది. ఆడపిల్లని పైలట్‌గా ఎవరు తీసుకుంటారు ఆ రోజుల్లో? "సరే, ప్రయాణికుల భయం పోగొట్టడానికి నర్సులని పెట్టండి" అని విమాన కంపెనీని ఒప్పించి, 1930 మే 15న ప్రపంచంలో మొదటి ఎయిర్ హోస్టెస్‌గా విమానం ఎక్కింది. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికులని విమానాల్లో తీసుకొచ్చే సైనిక నర్సుగా పతకం అందుకుంది. క్రెస్కోలో చిన్న విమానాశ్రయానికి ఆమె పేరే పెట్టారు.

ఇంత చిన్న ఊరు నుంచి ఇంతమంది ఎలా వచ్చారని నేను చాలాకాలం ఆలోచించాను. బడి ఒక కారణం. ఇంకో కారణం నేను అసలు ఊహించనిది. ట్రాక్టరు.

బోర్లాగ్ చిన్నప్పుడు పొలం పనంతా గుర్రాలతోనే. గుర్రానికి ఆదివారం లేదు, పండగ లేదు. రోజూ మేత వెయ్యాలి, పేడ ఎత్తాలి. ఉన్న పొలంలో చాలా భాగం ఆ గుర్రాల మేతకే పోయేది. మొక్కజొన్న కండెలు ఒక్కొక్కటీ చేత్తో విరిచి బండిలోకి విసరాలి, అదీ చలి మొదలయ్యాక. కొడుకు బడికి పోతే ఆ పని ఎవరు చేస్తారు? మన ఇళ్లలో పశువుల కాపలాకి ఒక పిల్లవాణ్ని ఆపేసినట్టే. ఆయన పదిహేనేళ్ల ప్రాయంలో ఉండగా వాళ్ల పొలానికి ఫోర్డ్‌సన్ ట్రాక్టరు వచ్చింది. ఆ యంత్రం రావడం తనకి బానిసత్వం నుంచి విడుదలలా ఉందని ఆయన చెప్పుకున్నాడు. గుర్రాలు వెళ్లాయి, పిల్లవాడు పైచదువుకి వెళ్లాడు.

ఆ పిల్లవాడు మెక్సికోలో పొట్టి గోధుమలు తయారుచేసి, 1963 మార్చిలో మన దేశానికి వచ్చాడు. పిలిపించింది ఎం.ఎస్. స్వామినాథన్ గారు. 1966లో మెక్సికో నుంచి 18,000 టన్నుల గోధుమ విత్తనం ఓడల్లో దిగింది. అది పంజాబు కథ, మన కథ వరి. మన పొట్టి వరి ఐఆర్-8 బోర్లాగ్‌ది కాదు, ఫిలిప్పీన్స్‌లో తయారైంది. కానీ ఆలోచన అదే. పైరు పొట్టిగా ఉంటే ఎరువు వేసినా పడిపోదు, బలమంతా గింజకి వెళుతుంది. ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు 1967లో ఐఆర్-8 వేసి ఎలా పండించారో ఇక్కడి పెద్దలకి నేను చెప్పనక్కర్లేదు. మా నాన్నగారు సైకిల్ వేసుకుని వెళ్లి ఆ చేను చూసి వచ్చారట. వెన్ను చేత్తో పట్టుకుని బరువు చూశానని చెబుతుండేవారు. 1970లో బోర్లాగ్‌కి నోబెల్ శాంతి బహుమతి వచ్చినప్పుడు ఆయన మెక్సికోలో గోధుమ చేలో ఉన్నాడు. భార్య కారు వేసుకుని చేను దాకా వెళ్లి చెప్పింది.

ఇక్కడిదాకా చెబితే ఇది ఒక గొప్ప కథ. చప్పట్లు కొట్టి ఇంటికి వెళ్లిపోవచ్చు. నేను చెప్పదలుచుకున్నది దీని రెండో సగం.

ట్రాక్టరు ఒక్క బోర్లాగ్‌నే విడిపించలేదు. అందరి పిల్లలనీ విడిపించింది. హైబ్రిడ్ మొక్కజొన్న వచ్చింది. 1933లో అయోవాలో ఆ విత్తనం వేసిన నేల నూటికి ఒక వంతు కూడా లేదు. పదేళ్లలో దాదాపు అంతా అదే అయింది. కోతా నూర్పూ ఒకేసారి చేసే కంబైన్ యంత్రం వచ్చింది. మందులు వచ్చాయి. ఈమధ్య అయోవాలో మొక్కజొన్న సగటు దిగుబడి ఎకరానికి 200 బుషెళ్లు దాటింది. మన లెక్కలో ఎకరానికి యాభై క్వింటాళ్లు పైమాటే, అదీ రాష్ట్రం మొత్తం సగటు. కానీ 1900లో ఆ రాష్ట్రంలో 2,28,000 కమతాలుంటే, 2022 లెక్కల్లో 87,000 కూడా లేవు. పంట పెరిగింది, పండించేవాళ్లు తగ్గారు. ఊళ్లో మనుషులు తగ్గితే ముందు ఏకోపాధ్యాయ బడి పోయింది. తరవాత పాల కేంద్రం. తరవాత కిరాణా కొట్టు, బ్యాంకు. చర్చి ఉంటుంది గానీ పాదిరీ మూడు ఊళ్లకి ఒకడే. పిల్లలు చదువుకుని మినియాపొలిస్‌కో షికాగోకో వెళ్లారు. తల్లిదండ్రులు పంపారు, గర్వపడ్డారు, ఒంటరివాళ్లయ్యారు. ఈ సభలో ఎన్ని ఇళ్లలో ముసలి తల్లిదండ్రులు మాత్రమే ఉన్నారో నేను చెప్పాలా?

1980లు వాళ్లకి పీడకల. అంతకుముందు పదేళ్లు ప్రభుత్వమే "గట్టు నుంచి గట్టు దాకా వెయ్యండి, పెద్దవాళ్లు కండి" అని ప్రోత్సహించింది. భూమి ధర ఏటా పెరుగుతుంటే, బ్యాంకులు ఎదురొచ్చి అప్పులిచ్చాయి. 1980లో సోవియట్ యూనియన్‌కి ధాన్యం అమ్మకం ఆపేశారు. వడ్డీలు ఇరవై శాతం దాకా ఎక్కాయి. అయోవాలో ఎకరం ధర 1981లో సగటున 2,147 డాలర్లు ఉన్నది, 1986కి 787 డాలర్లకి పడింది. అప్పు మాత్రం అంతే ఉంది. తాత కొన్న భూమి మనవడి చేతుల్లోంచి వేలానికి పోయింది. 1985 డిసెంబరులో హిల్స్ అనే ఊరి ప్రాంతంలో అప్పులపాలైన ఒక రైతు, తన భార్యనీ, బ్యాంకు అధికారినీ, పొరుగు రైతునీ కాల్చి, తననీ కాల్చుకున్నాడు. ఆ ఏడాదే అయోవా స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్లు రైతుల కోసం టెలిఫోన్ సహాయ కేంద్రం తెరిచారు. అది నేటికీ నడుస్తోంది.

నేను వెళ్లింది ఆ తరవాత చాలా ఏళ్లకి. అయినా నా గదిలో ఆ కాలం ఇంకా బతికే ఉండేది. ఒక రైతుకి గుండె పరీక్ష చేస్తూ, "రాత్రులు నిద్ర పడుతుందా?" అని అడిగితే, "ఎనభై నాలుగు నుంచి లేదమ్మా" అన్నాడు. ఆ సంవత్సరం వాళ్ల నాన్న ఆవులని వేలం వేశారట. పేరు పేరునా పిలిచి పాలు పితికిన ఆవులు ఒక్కొక్కటే లారీ ఎక్కుతుంటే నాన్న కొట్టం తలుపు పట్టుకుని నిలబడ్డాడట. ఆ మనిషి అప్పటిదాకా ఆ మాట ఎవరితోనూ అనలేదు. మగవాడు, అందులోనూ నార్వే మూలాలున్న రైతు, బాధ చెప్పుకోవడం అనేది వాళ్ల రక్తంలోనే లేదు. 1997, 98ల్లో వరంగల్ వైపు పత్తి రైతుల చావుల వార్తలు చదివి నేను అక్కడ కూర్చుని ఏడ్చాను. దేశాలు వేరు. అప్పు ముందు తల దించుకున్న రైతు మొహం ఎక్కడైనా ఒకటే. రైతు దగ్గరికి వచ్చే ప్రతి డాక్టరూ, ప్రతి నర్సమ్మా బీపీ చూసినట్టే, "అప్పు సంగతేమిటి, నిద్ర పడుతోందా?" అని అడగాలని నా గట్టి నమ్మకం.

వ్యవసాయం ఎంత ప్రమాదకరమైన పనో నాకు అక్కడే తెలిసింది. ట్రాక్టరు వెనక యంత్రాలకి శక్తినిచ్చే ఇరుసు నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకి తొమ్మిది. చొక్కా చెయ్యి దానికి తగిలితే, వెనక్కి లాక్కోవాలని మనసుకి తట్టేలోపే చెయ్యి పోతుంది. బూజు పట్టిన గడ్డి దులిపి ఆ సాయంత్రం జ్వరం, ఆయాసంతో వచ్చేవాళ్లు. జలుబనుకుంటారు, అది ఊపిరితిత్తుల జబ్బు. పాతర గడ్డి నింపే పెద్ద గొట్టపు గాదెల్లో మొదటి రెండు మూడు వారాలు పసుపుపచ్చ విషవాయువు పేరుకుంటుంది. చూడబోయినవాడు అక్కడే పడిపోతాడు. మొక్కజొన్న గాదె అడుగు నుంచి గింజ జారుతున్నప్పుడు లోపల మనిషి ఉంటే, అర నిమిషంలో నిండా మునిగిపోతాడు. ఇక్కడ కూడా ఇప్పుడు యంత్రాలు వచ్చాయి. తమ్ముళ్లూ, మీకు దండం పెడతాను. ఇంజను ఆపకుండా చెయ్యి పెట్టకండి. ఇరుసు మీద తొడుగు తీసేయకండి.

అలాంటి ప్రమాదం జరిగితే వచ్చేది ఎవరో తెలుసా? జీతం తీసుకునే అగ్నిమాపక దళం కాదు. ఆ చిన్న ఊళ్లలో ఫైరింజను నడిపేదీ, చాలాచోట్ల అంబులెన్స్ ఎక్కేదీ ఊరివాళ్లే. స్కూలు మాస్టారు, ఎరువుల కొట్టు గుమాస్తా, పాలు పితికే ఇల్లాలు. నడుముకి చిన్న పేజరు. అది మోగితే చేతిలో పని చేతిలో వదిలేసి పరుగు. అర్ధరాత్రి, మైనస్ ఇరవై చలి. స్ట్రెచరు మీద ఉన్నది చాలాసార్లు వాళ్ల చిన్నాన్నో, బడి స్నేహితుడో అయి ఉంటుంది. ఊళ్లో మనుషులు తగ్గుతున్నకొద్దీ ఆ పేజరు పెట్టుకునేవాళ్లూ తగ్గుతున్నారు. నాకు అన్నిటికంటే దిగులు కలిగించే విషయం అది. బడి మూతపడితే బస్సులో పక్క ఊరికి పంపొచ్చు. గుండె ఆగితే, పక్క ఊరి నుంచి మనిషి వచ్చేదాకా ప్రాణం ఆగదు.

ఇంకొక్క సంగతి చెప్పి సెలవు తీసుకుంటాను. గుర్రాల రోజుల్లో నూర్పిడి యంత్రం పది పన్నెండు కుటుంబాలకి కలిపి ఒకటి ఉండేది. ఇవాళ మీ కళ్లంలో, రేపు మా కళ్లంలో. మన బదులు పనుల లాగే. ఆడవాళ్లు అంతమందికీ వండి పెట్టేవారు. ఎవరింట్లో ఏ వంట బావుంటుందో ఎనభై ఏళ్ల ముసలివాళ్లు ఇప్పటికీ చెబుతారు. కంబైన్ వచ్చాక ఎవరి కోత వారిదే. గాజు గదిలో ఒక్కడే కూర్చుని, రేడియో పెట్టుకుని, రోజంతా ఒక్క మనిషితో మాట్లాడకుండా కోసేస్తాడు.

నా రోగి ఒకాయన, డెబ్భై దగ్గర వయసు. అక్టోబరులో, కోతల మధ్యలో, క్లోమంలో కాన్సర్ అని తేలింది. చేను నిలబడి ఉంది. కొడుకులు దూరాన ఉద్యోగాల్లో ఉన్నారు. ఆయన నన్ను అడిగింది జబ్బు గురించి కాదు. "నాలుగు వారాలు ఇంటికి పంపగలరా డాక్టర్? కోసుకుని వచ్చేస్తాను" అన్నాడు. పంపలేనన్నాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆ శనివారం పొద్దున్నే, ఎవరు ఎవరికి చెప్పారో తెలియదు, ఆయన చేను గట్టు మీద తొమ్మిది కంబైన్లు వరసగా నిలబడ్డాయి. ఎర్రవి, పచ్చవి. సొంత చేలు కోతకి ఉండగా వచ్చారు. లారీలు వచ్చాయి. ధాన్యం గాదెవాళ్లు ఆ రోజు ఆయన సరుకు ఆగకుండా దించుకున్నారు. చర్చి ఆడవాళ్లు కొట్టంలో బల్లలు వేసి భోజనాలు పెట్టారు. మూడు వారాల పని సాయంత్రానికి అయిపోయింది. ఆయన భార్య చేను మధ్యలో నిలబడి ఫోన్ చేసి, ఆ చప్పుడు ఆయనకి వినిపించింది. నేను అప్పుడు మంచం పక్కనే ఉన్నాను. ఆయన కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు. తరవాత ఫోనులో ఒక్క మాట అడిగాడు.

"తేమ ఎంత ఉంది?"

ఆవిడ ఎవరినో కేకేసి అడిగి, పదిహేడు అని చెప్పింది.

"మంచిదే. ఆరబెట్టే ఖర్చు ఎక్కువ కాదు" అన్నాడు. ఆ రాత్రి మందు లేకుండా నిద్రపోయాడు.

నమస్కారం.